అటకెక్కిన ఆట.. మళ్లీ తెరకెక్కాలంటే!

* పాత టీవీ గేమును విప్పితే కనిపించేది కంప్యూటర్ పాఠమే
* ఒక్క అంకె మారిస్తే ఆట తీరే మారిపోతుంది
* ఎనిమిది గళ్లలో తెలుగు, కన్నడ అక్షరాలకు చోటు దొరికేనా?

వెంకటమ్మనహళ్లి (పావగడ):

వైరు తెగిన రిమోటు.. మాడిపోయిన అడాప్టరు.. బొమ్మ చిరిగిన పసుపు రంగు క్యాసెట్టు. పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి మొదలు అవతల మడకశిర, కళ్యాణదుర్గం పల్లెల దాకా 1990ల్లో, 2000ల్లో పిల్లలుగా ఉన్నవాళ్లకు 'వీడియో గేమ్' అనగానే గుర్తొచ్చేవి ఇవే. సరిహద్దుకు ఇవతల బళ్లో కన్నడం, ఇంట్లో తెలుగు. అవతల రెండూ తెలుగే. టీవీ ముందు కూర్చుంటే మాత్రం అందరిదీ ఒకటే భాష. మారియో, కాంట్రా, సర్కస్, ట్యాంకులు, ద్వీపంలో గొడ్డలి విసిరే 'ఐలాండర్'!

ఇప్పుడా పెట్టెలు చాలావరకు గుజిరీ అంగళ్లకు చేరాయి. మిగిలినవి అటకల మీద ధూళి కొట్టుకుపోతున్నాయి. సెల్‌ఫోన్‌లో వేల ఆటలు దొరుకుతుంటే వీటితో ఏం పని అనిపించడం సహజం. కానీ ప్రపంచంలో చాలాచోట్ల ఇదే పాత పెట్టెను విప్పి, కొత్త టీవీకి తగ్గట్టు మార్చి, లోపలి ఆటను సైతం తిరగరాస్తున్నవాళ్లు ఉన్నారు. కొందరికది సరదా. కొందరికి చదువు. ఇంకొందరికి మాయమైపోతున్న ఆటలను కాపాడుకునే పని.

అసలు పేరు వేరు.. మనకు తెలిసిన పేరు వేరు

ఈ ఆటలకు మూలం జపాన్. నింటెండో సంస్థ 1983 జులై 15న 'ఫ్యామికామ్' అనే ఆట యంత్రాన్ని అక్కడ విడుదల చేసింది. 1985లో అదే యంత్రం 'ఎన్ఈఎస్' పేరుతో అమెరికాకు వెళ్లింది. రెండూ కలిపి ప్రపంచమంతా ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మన దగ్గర ఎక్కువమంది చూసింది మాత్రం ఆ అసలు యంత్రాన్ని కాదు. దాని నకళ్లను. 'మీడియా' వారి సామురాయ్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్.. ఇట్లా పేర్లెన్నో. రష్యాలో 1992లో 'డెండీ' పేరుతో వచ్చిందీ ఈ కోవలోదే. తైవాన్‌లోని యూఎంసీ వంటి కంపెనీలు నింటెండో చిప్పులను పోలిన చిప్పులు తయారు చేయడంతో చవక పెట్టెలు దేశదేశాలకూ పాకాయి.

నింటెండో 2003లో ఫ్యామికామ్ తయారీ ఆపేసింది. విడిభాగాలు దొరకడం లేదంటూ 2007లో మరమ్మతులకూ స్వస్తి చెప్పింది. అసలు కంపెనీయే చేతులెత్తేశాక ఆ యంత్రాలను బతికించే బాధ్యత ఔత్సాహికుల మీద, ఊళ్లలోని టీవీ మెకానిక్కుల మీద పడింది.

మూత తీస్తే..

నాలుగు మరలు విప్పితే చాలు, పెట్టె గుట్టు బయటపడుతుంది. పాతకాలం నకళ్లలో రెండు పెద్ద చిప్పులు కనిపిస్తాయి. ఒకటి లెక్కలు చేసేది. రెండోది బొమ్మ గీసేది. తర్వాత వచ్చిన చవక పెట్టెల్లో రెంటినీ ఒకే చిప్పులో ఇరికించి పైన నల్లటి జిగురు పోసేశారు. అరటికాయ బజ్జీ అంత ఉండే ఆ నల్ల ముద్ద కిందే మొత్తం యంత్రం దాగి ఉంటుంది. అది పోతే మాత్రం బాగుచేయడానికి లేదు. మార్చుకోవాల్సిందే.

లెక్కలు చేసే చిప్పు 6502 అనే రకానికి చెందింది. సెకనుకు సుమారు 18 లక్షల టిక్కులు దాని వేగం. పని చేసుకోవడానికి దానికున్న సొంత జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లే. అంటే 2,048 గదులు. ఒక్కో గదిలో 0 నుంచి 255 లోపు ఒక అంకె పడుతుంది. ఈ వార్తలోని ఒకట్రెండు పేరాలు రాస్తే ఆ గదులు నిండిపోతాయి! 1985లో వచ్చిన సూపర్ మారియో ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. నేడు వాట్సప్‌లో వచ్చే 'శుభోదయం' ఫొటో అంతకంటే పెద్దది.

పాత పెట్టె.. కొత్త టీవీ

ఆడాలని కిందికి దించినవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు టీవీయే. పాత పెట్టెలు యాంటెనా వైరు ద్వారా బొమ్మను పంపేవి. చానల్ ట్యూన్ చేసుకుంటూ కూర్చోవాలి. బొమ్మలో చుక్కలు, గీతలు. దీనికి విరుగుడుగా చేసేదే 'ఏవీ మార్పు'. బొమ్మ గీసే చిప్పు నుంచి వచ్చే సంకేతం యాంటెనా డబ్బీలోకి వెళ్లకముందే పట్టుకుంటారు. ఒక ట్రాన్సిస్టరు, రెండు మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ సాయంతో దాన్ని పసుపు రంగు ఏవీ పిన్నుకు కలుపుతారు. శబ్దానికి తెల్ల పిన్ను. టంకం వేయడం వచ్చినవాళ్లకు ఇది ఒక పూట పని. ఏవీ రంధ్రం కూడా లేని కొత్త టీవీలకైతే మధ్యలో హెచ్‌డీఎంఐ మార్చే చిన్న డబ్బా తగిలించుకోవాలి.

పెట్టె అసలు వెలగకపోతే ముందు అనుమానించాల్సింది అడాప్టరునే. లోపల 7805 అనే మూడు కాళ్ల భాగం వచ్చిన కరెంటును 5 వోల్టులకు దించుతుంది. అడాప్టరులో ప్లస్సు, మైనస్సు తారుమారైతే ముందు దెబ్బ తినేది అక్కడే. డబ్బీల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. ఉబ్బినా, కింద తడి కనిపించినా మార్చాలి. వాటి ఖరీదు టీ నీళ్లంత కూడా ఉండదు.

ఇక క్యాసెట్టు. ఆట రాకపోతే తీసి 'ఉఫ్' అని ఊది మళ్లీ పెట్టని పిల్లవాడు ఆ రోజుల్లో లేడు. ఊదడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నోటి తేమకు రాగి పట్టీలు చిలుము పడతాయి. తీసి పెట్టడం వల్ల కాళ్లు సరిగ్గా కూర్చుని ఆట వస్తే, ఆ పేరు ఊదడానికి దక్కేది! మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవడం సరైన పద్ధతి.

ఒక్క దానికి మాత్రం తేలికైన మందు లేదు. బాతులను కాల్చే తుపాకీ కొత్త ఎల్ఈడీ టీవీల మీద పనిచేయదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. ఆ వెలుగు ఎప్పుడొచ్చిందో చూసి తగిలిందీ లేనిదీ తేలుస్తారు. ఆ లెక్కంతా పాత గాజు గొట్టం టీవీని నమ్ముకుని వేసింది. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపుతుంది. గురి ఎంత బాగున్నా బాతు ఎగిరిపోతుంది.

'9999999' ఆటల గుట్టు

క్యాసెట్టు మీద 9999999 ఆటలు అని రాసి ఉండేది. ఆశగా కొనేవాళ్లు. తీరా పెట్టి చూస్తే తిరిగి తిరిగి అవే ఆటలు. అసలువి లెక్కపెడితే చేతి వేళ్లు చాలు. ఇది మోసమే అయినా ఇందులో ఒక పనితనం ఉంది. జాబితాలో 37వ ఆటను ఎంచుకుంటే కాంట్రా రెండో స్టేజీ నుంచి మొదలయ్యేది. 52వది ఎంచుకుంటే అదే కాంట్రా ఐదో స్టేజీ. జాబితా చూపే చిన్న ప్రోగ్రాం ముందుగా జ్ఞాపకశక్తిలోని 'స్టేజీ' గదిలో కావలసిన అంకె వేసి, ఆ తర్వాత ఆటను మొదలుపెట్టేది. అంతే! పేరు మార్చారు, కంపెనీ గుర్తు చెరిపేశారు, కొత్త ఆట అన్నారు.

అంటే మన పల్లెల పిల్లలు 'హ్యాకింగ్' అనే మాట వినకముందే హ్యాక్ చేసిన ఆటలు ఆడేశారన్నమాట.

చావు లేని మారియో.. ఎట్లాగంటే

మారియో ఎన్నిసార్లు గుంతలో పడినా ప్రాణాలు తగ్గకుండా చేయవచ్చు. ఆ కిటుకు తెలిస్తే ఆటల హ్యాకింగ్ అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

సూపర్ మారియో ఆటలో మిగిలిన ప్రాణాల లెక్క 2,048 గదుల్లో 1882వ గదిలో ఉంటుంది. ఆట మొదలైనప్పుడు అక్కడ 2 ఉంటుంది. తెర మీద దానికి ఒకటి కలిపి 3 అని చూపుతారు. మారియో చచ్చినప్పుడల్లా చిప్పుకు ఒక ఆజ్ఞ అందుతుంది. '1882వ గదిలోని అంకెను ఒకటి తగ్గించు' అని. ఆ వెంటనే ఇంకో ఆజ్ఞ. 'ఫలితం సున్నా కంటే దిగువకు పోకపోతే ఆట కొనసాగించు' అని.

6502 భాషలో 'తగ్గించు' అనే మాటకు అంకె 206. 'చదువు' అనే మాటకు అంకె 173. ఆటలో ఆ ఒక్కచోట 206 తీసి 173 పెడితే? చిప్పు ఇక ప్రాణాలను తగ్గించదు. ఊరికే చదివి, 'రెండు ఉన్నాయిలే' అనుకుని ముందుకు పోతుంది. 40 కిలోబైట్లలో మార్చింది ఒకే ఒక్క అంకె. మారియోకు చావు లేకుండా పోయింది!

ఇదే ఆటలో ఇంకో తమాషా ఉంది. మెట్ల మీద తాబేలును పదేపదే తొక్కి ప్రాణాలు పోగేసేవాళ్లు గుర్తుండే ఉంటారు. ఆ లెక్క మితిమీరి 128 దాటితే తర్వాత చచ్చినప్పుడు ఆట ముగిసిపోవచ్చు. గదిలో 127 దాటిన అంకెను ఆట 'సున్నా కంటే దిగువ' అని లెక్క వేసుకోవడమే కారణం. అత్యాశకు పోతే ఉన్నదీ ఊడుతుందని పెద్దలు చెప్పింది మారియోకూ వర్తించింది.

ఒక్క అంకె మార్పిడినే సరుకుగా అమ్మిన కంపెనీ కూడా ఉంది. బ్రిటన్‌కు చెందిన కోడ్‌మాస్టర్స్ తయారుచేసిన 'గేమ్ జీనీ'ని అమెరికాలో గలూబ్ సంస్థ అమ్మింది. క్యాసెట్టుకు, యంత్రానికి మధ్య దాన్ని తగిలిస్తారు. యంత్రం 206 అడిగిన చోట ఇది 173 అందిస్తుంది. క్యాసెట్టులో ఏమీ మారదు. వివాదం కోర్టుకెక్కింది. కొనుక్కున్నవాడు తన ఇంట్లో ఆటను తన ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటే అది కొత్త కృతి కిందికి రాదంటూ 1992లో అమెరికా అప్పీళ్ల కోర్టు గలూబ్ పక్షానే నిలిచింది.

కాంట్రాలో 30 ప్రాణాల కిటుకు మాత్రం తయారీదారులు పెట్టిందే. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. కొనామి సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోతో 1986లో గ్రేడియస్ ఆటను పరీక్షించేటప్పుడు ఆట మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. తీసేయకుండానే ఆట బయటికొచ్చింది. 1988 నాటి కాంట్రాతో లోకమంతా పాకింది. ఆయన 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

తెలుగు మాట పడుతుందా?

ఆటను తమ భాషలోకి మార్చుకోవడం ఈ రంగంలో పెద్ద పని. జపాన్ ఆటలను ఇంగ్లిష్‌లోకి తెచ్చింది చాలాసార్లు కంపెనీలు కాదు, అభిమానులే. ఫైనల్ ఫాంటసీ ఐదో భాగాన్ని 1997లో అట్లా ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. మరి మారియో చేత తెలుగు పలికించలేమా? పలికించవచ్చు. కానీ అక్షరం దగ్గరే అసలు పేచీ.

ఈ యంత్రం తెరను చిన్న చిన్న చదరపు బిళ్లలుగా పేర్చుతుంది. ఒక్కో బిళ్ల అడ్డం 8, నిలువు 8 చుక్కలు. ఇంగ్లిష్ అక్షరం ఒక బిళ్లలో హాయిగా కూర్చుంటుంది. 26 అక్షరాలు, 10 అంకెలు.. 36 బిళ్లలతో పని అయిపోతుంది. మన 'స్త్రీ' సంగతి అట్లా కాదు. పైన గుడి దీర్ఘం, మధ్యలో 'స', కింద తకార వత్తు, పక్కన రకార వత్తు. మూడంతస్తుల ఇల్లు. ఎనిమిది చుక్కల ఎత్తులో ఆ ఇల్లు కడితే అంతా మసక.

అక్షరానికి నాలుగు బిళ్లలు, అంటే 16 చుక్కల చదరం ఇస్తే తెలుగు చదవదగ్గట్టు వస్తుంది. అప్పుడు లెక్క తేడా కొడుతుంది. వెనక దృశ్యానికి ఒకసారికి దొరికేవి 256 బిళ్లలే. నాలుగేసి చొప్పున అన్నీ అక్షరాలకే ఇచ్చినా 64 అక్షరాలు. గుణింతాలకే చాలవు. మబ్బులు, ఇటుకలు, గొట్టాలు ఎక్కడ పెట్టాలి? తెర అడ్డం 256 చుక్కలు కాబట్టి ఒక వరుసకు 16 అక్షరాలే పడతాయి.

దారి లేకపోలేదు. ఆటలో వచ్చే మాటలకు కావలసిన అక్షరాలే తయారు చేసుకోవాలి. తలకట్టు, గుడి ఒక వరుసగా, వత్తులు ఇంకో వరుసగా విడదీసి పేర్చుకోవాలి. వెనకటి అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు పేర్చినవాళ్లు చేసిన పనే ఇది. మాటలూ పొదుపుగా ఎంచుకోవాలి. 'ప్రారంభించండి' బదులు 'ఆడు' అంటే రెండే అక్షరాలు!

సరిహద్దు జనానికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లు. గుండ్రాలు, వత్తుల తీరు చాలావరకు ఒకటే. ఒక లిపికి పేర్చుకున్న బిళ్లల్లో చాలా వాటిని కొద్ది మార్పులతో రెండోదానికి వాడుకోవచ్చు. నేటి కంప్యూటర్లు వాడే యూనికోడ్ పట్టికలో కూడా ఇవి పక్క పక్క ఇళ్లే. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. 'గ', 'మ', 'ర' ఏది తీసుకున్నా తేడా అంతే. పావగడకు, మడకశిరకు ఉన్న చుట్టరికం ఆ పట్టికలోనూ కనిపిస్తుంది.

గీత ఎక్కడ?

సొంత పెట్టెకు టంకం వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆటల దగ్గరికి వచ్చేసరికి చట్టం ఉంది. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య కృతే. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రతి పాడైపోతుందని నకలు దాచుకోవడానికి, అది ఎట్లా పనిచేస్తుందో గమనించి నేర్చుకోవడానికి 52వ సెక్షన్ అవకాశం ఇస్తోంది. నకళ్లు తీసి అమ్మడానికి, పంచడానికి ఇవ్వదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలు పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అంటూ 2012 సవరణలో 65ఏ సెక్షన్ చేర్చారు. మన చేతుల్లో తిరిగిన 9999999 క్యాసెట్లు చాలావరకు అనుమతి లేని నకళ్లే అన్నది చేదు నిజం.

ఇతర దేశాల్లో దెబ్బ గట్టిగానే పడింది. కొత్త తరం స్విచ్ యంత్రాల తాళాలు తీసే పరికరాల వ్యాపారంలో ఉన్న గ్యారీ బౌజర్‌కు అమెరికా కోర్టు 2022లో 40 నెలల జైలు విధించింది. స్విచ్ ఆటలను కంప్యూటర్లో ఆడించే 'యుజు' తయారీదారులు 2024లో 24 లక్షల డాలర్లకు రాజీ పడ్డారు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మార్చిన ఆట మొత్తాన్ని పంచరు. ఏ చోట ఏ అంకె మార్చాలో చెప్పే చిన్న 'ప్యాచ్'నే పంచుతారు. పాత యంత్రానికి సొంతంగా కొత్త ఆట రాసుకుంటే ఏ పేచీ లేదు. జర్మనీకి చెందిన మార్ఫ్‌క్యాట్ బృందం 2019లో తెచ్చిన 'మైక్రో మేజెస్' అట్లాంటిదే. దాని పరిమాణమూ 40 కిలోబైట్లే.

పోయేది పెట్టె ఒక్కటేనా?

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అంత పక్కాగా లెక్కలుండే దేశంలోనే ఈ పరిస్థితి. మన ఊళ్లలో తిరిగిన మారు క్యాసెట్లకు లెక్కే లేదు. ఏ క్యాసెట్టులో ఎవరు ఏం మార్చారో ఆ క్యాసెట్టుతోనే పోతుంది.

అంతకంటే పెద్ద నష్టం చదువుది. నేటి సెల్‌ఫోన్ విప్పితే పిల్లవాడికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. ఈ పెట్టెలో మాత్రం కరెంటు ఎక్కడ దిగుతోందో, అంకె ఏ గదిలో ఉందో, బొమ్మ ఎట్లా పేరుస్తున్నారో చూపించి చెప్పవచ్చు. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల, తాను కంప్యూటర్ల వైపు మళ్లడానికి 15 ఏళ్ల వయసులో తండ్రి బ్యాంకాక్ నుంచి తెచ్చిచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కారణమని తన పుస్తకంలో రాసుకున్నారు. అదీ ఇదే కాలపు 8 బిట్ల యంత్రమే. పోనీ అందరూ మైక్రోసాఫ్ట్‌కు అధిపతులు కానక్కర్లేదు. బళ్లో సైన్సు మాస్టారు ఒక పాత పెట్టెను బల్ల మీద పెట్టి విప్పినా, ఐటీఐ పిల్లలకు ఒక ఏవీ మార్పు చేయిస్తే చాలు.

2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుతో పావగడ పేరు దేశమంతా తెలిసింది. త్రీఫేజు ఎప్పుడొస్తుందా అని రాత్రిళ్లు కాచుకున్న తాలూకా ఇది. కరెంటు పోయి కాంట్రా ఆఖరి స్టేజీ చేజారిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. అటక మీద పెట్టె ఉంటే గుజిరీకి వేసేముందు ఒకసారి పిల్లల ముందు మూత తీయడం వాళ్ల చేతిలోని పనే.

విప్పేముందు..

* ప్లగ్గు తీసి, కొంతసేపు ఆగాకే మరలు విప్పాలి.
* పాత గాజు గొట్టం టీవీ మూత సొంతంగా తీయొద్దు. ఆపేసినా లోపల వేల వోల్టులు నిల్వ ఉండవచ్చు. అది మెకానిక్కు పని.
* అడాప్టరు వోల్టులు, ప్లస్సు మైనస్సు గుర్తులు పెట్టె మీద రాసినదానితో సరిచూసుకోవాలి.
* టంకం వేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. టంకంలో సీసం ఉండవచ్చు.
* ఏ వైరు ఎక్కడుందో విప్పేముందే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తికమక ఉండదు.
* ఇక పనికిరాదని తేలితే కాల్చొద్దు, చెరువు గట్టున పారేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వీడియో గేములూ వస్తాయి. అధీకృత సేకరణదారులకే ఇవ్వాలి.